‘మీ నాన్నకు పంపిస్తాను’: ఆన్‌లైన్ పరిచయాల మీద టీనేజ్ నవల రాసేవారికి

మీరు పంపిన కథాసారాన్నీ, దాని కింద అడిగిన మూడు ప్రశ్నలనూ రెండుసార్లు చదివాను. ఖమ్మం దగ్గర పల్లెలో మిర్చి రైతు కూతురైన హారిక విజయవాడలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌లో చేరుతుంది. దసరా సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఫోన్‌లో తెరిచిన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ద్వారా ‘ఆర్యన్’ అనే బీటెక్ కుర్రాడు పరిచయమవుతాడు. నాలుగు నెలల తర్వాత అతను ఆమె ఫోటోలు చేతిలో పెట్టుకొని బెదిరించడం మొదలుపెడతాడు. అతనికి నిజానికి ముప్పై ఎనిమిదేళ్లని చివరి అధ్యాయంలో తెలుస్తుంది. అప్పటికి హారిక బతికి ఉండదు. పాఠం చెప్పినట్టు లేకుండా ప్రమాదాన్ని ఎలా చూపాలి, ఎంతవరకు చూపాలి, పోలీసులూ చట్టమూ వచ్చే చోట తప్పులు దొర్లకుండా ఏం తెలుసుకోవాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు బోధించాను. ఆ ఏళ్లలోనే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వారి కోసం కథలు రాశాను, ఇతరులు రాసిన చిత్తుప్రతులు దిద్దాను. మీరు అడగని నాలుగో విషయం ముందుగా చెప్పాలి, ఎందుకంటే మిగతా మూడింటికీ జవాబు దానిమీదే ఆధారపడి ఉంది. దయచేసి హారికను చంపకండి.

నా తొలి కథల్లో ఒకటి ఇలాంటిదే. ఫేస్‌బుక్ మా పల్లెలకు కొత్తగా వచ్చిన రోజుల్లో రాశాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక అపరిచితుణ్ణి నమ్మి, మోసపోయి, చివరి పేరాలో లేకుండా పోతుంది. ఆ కథను తరగతిలో చదివి వినిపించినప్పుడు పిల్లలంతా నిశ్శబ్దమైపోయారు. అది కథ బలమని అనుకున్నాను. బడి వదిలాక ఒక విద్యార్థిని నా దగ్గరికి వచ్చి, పుస్తకాల సంచి తాడును వేలికి చుట్టుకుంటూ, ‘మేడమ్, ఆ అమ్మాయికి వేరే దారి లేదా?’ అని అడిగింది. ఎందుకు లేదు, ఉంటుంది అన్నాను. ‘మరి కథలో లేదు కదా మేడమ్’ అంది. ఆ అమ్మాయి కథ గురించి అడిగిందో, తన గురించి అడిగిందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. తన గురించే. ఆ తర్వాతి సంగతులు ఇక్కడ రాయడం సరికాదు. ఆమె ఇప్పుడు క్షేమంగా ఉందని మాత్రం చెప్పగలను. ఆ కథను నేను మళ్లీ ఎక్కడా అచ్చుకు ఇవ్వలేదు.

ఆ వారంలో నాకు అర్థమైనది ఇది. బెదిరించేవాడి చేతిలో ఫోటో ఉన్నా, పిల్లను కదలనివ్వకుండా చేసేది ‘మీ నాన్నకు పంపిస్తాను’ అనే మాట. ఆ మాటకు బలం వాడి దగ్గర లేదు, పిల్ల ఇంట్లో ఉంది. చదువు మాన్పిస్తారు, ఉన్న సంబంధానికి ముడిపెట్టి పంపేస్తారు, అమ్మను ‘నీ పెంపకం ఇదీ’ అని దెప్పుతారు, ఊళ్లో నాన్న తలెత్తుకోలేడు అన్న భయాలన్నీ ఆర్యన్ పుట్టకముందు నుంచే ఆ పిల్ల మనసులో ఉన్నాయి. వాడు వాటిని తడిమి చూసి, సరైన చోట వేలు పెట్టాడంతే. ఇప్పుడు అదే స్థితిలో ఉన్న ఒక పాఠకురాలు మీ నవల చదివిందనుకోండి. నమ్మిన పిల్ల చివరికి చనిపోయిందని చదవగానే, బయటపడితే బతుకు ముగిసినట్టేనని వాడు చెప్పిన మాటే నిజమని ఆమె తేల్చుకుంటుంది. వాడి పనిని మన పుస్తకమే పూర్తి చేసినట్టవుతుంది. కాబట్టి నవల నడవాల్సింది ఆ మాటకు ఉన్న బలాన్ని మెల్లమెల్లగా లాగేసే దిశగా అని నా నమ్మకం.

నిజ జీవితంలో ఇలాంటి మరణాలు జరగలేదా అని మీరు అడగవచ్చు. జరిగాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో అమాండా టాడ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి 2012 సెప్టెంబర్‌లో తన కథను చేతిరాత కార్డుల మీద రాసి, ఒక్కో కార్డే కెమెరాకు చూపిస్తూ యూట్యూబ్‌లో పెట్టింది. మరుసటి నెలలో చనిపోయింది. ఆమెను రకరకాల దొంగ ఖాతాలతో వెంటాడిన మనిషి ఎక్కడో నెదర్లాండ్స్‌లో కూర్చొని ఆ పని చేశాడు. అతను కెనడా కోర్టులో దోషిగా తేలింది 2022లో, అంటే పదేళ్లకు. లోకం ఆ అమ్మాయి ముఖాన్ని గుర్తుపెట్టుకుంది. చేసినవాడి పేరు చాలామందికి తెలియదు. ఇలాంటి కథల్లో వెలుతురు ఎప్పుడూ బాధితురాలి ముఖం మీదే పడుతుంది. నవలలో దాన్ని తిప్పే అవకాశం మీకు ఉంది.

ఇక మీ మొదటి ప్రశ్న, ప్రమాదాన్ని పాఠంలా కాకుండా చూపడం. ‘ముఖం కూడా చూడని వాణ్ణి ఎలా నమ్మింది?’ అనే ప్రశ్నను మీ నవలలో మూడు పాత్రలు వేస్తాయని రాశారు. ఆ ప్రశ్నే పొరపాటు. చూడకుండా ప్రేమించడం మన సాహిత్యానికి కొత్త కాదు. దమయంతి హంస చెప్పిన మాటలు విని నలుణ్ణి కోరుకుంది. పోతన రుక్మిణి ఇంటికి వచ్చినవారు చెప్పుకునే గుణాలు విని కృష్ణుణ్ణి వరించి, అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కబురు పంపింది. వాళ్లను తెలివితక్కువవాళ్లని మనం ఎన్నడూ అనలేదు. తేడా ఎక్కడుందంటే, ఆ కథల్లో కబురు మోసే మూడో మనిషి ఉన్నాడు. హంస నలుడి చేతిలో పట్టుబడి విడుదలైంది, అతని మనసు చూసింది. అగ్నిద్యోతనుడు ద్వారక వెళ్లి కృష్ణుణ్ణి కళ్లారా చూసి తిరిగి వచ్చాడు. మన పత్రికల్లో కలం స్నేహం శీర్షికలు నడిచిన రోజుల్లో కూడా ఉత్తరం రావడానికి వారం పట్టేది, కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉండేది, పోస్ట్‌మాన్ చేతి నుంచి ఇంట్లో ఎవరో ఒకరు అందుకునేవారు. ఇన్‌స్టాగ్రామ్‌లో నలుడూ హంసా ఒక్కడే. తన గుణాలు తానే చెబుతాడు, సాక్ష్యం తానే ఇస్తాడు, కావలిస్తే తన స్నేహితుడి పేరుతో మరో ఖాతా తెరిచి ‘మావాడు చాలా మంచోడు, నీ గురించే మాట్లాడుతుంటాడు’ అని కూడా తానే రాస్తాడు. హారిక తెలివితక్కువది కాదని, సాక్షి లేని చోట నిలబడిందని పాఠకులకు అర్థమైతే పాఠం చెప్పాల్సిన అవసరమే ఉండదు.

పరిచయం ముదిరే తీరును మీరు ఒకే అధ్యాయంలో తేల్చేశారు. మూడో పేజీలో హలో, పదో పేజీలో ఫోటో. నా దగ్గర చదివిన పిల్లలు ఇలాంటి చిత్తుప్రతి చదివి మొదట పట్టుకునే తప్పు ఇదే: ‘ఇంత త్వరగా ఎవరూ అడగరు మేడమ్, అడిగితే ఎవరైనా బ్లాక్ చేస్తారు.’ వాళ్లు చెప్పింది నిజం. ఏకు మేకయ్యే వ్యవహారం ఇది. ఏకుగా ఉన్న రోజులనే మీరు ఎక్కువ పేజీల్లో రాయాలి. దీనికి తెలుగు మీకు గొప్ప పనిముట్టు ఇచ్చింది. మనకు మీరు, నువ్వు ఉన్నాయి. మొదటి వారం: ‘మీ గొంతు చాలా బాగుందండి, ఆ పాట మొత్తం పాడి పెట్టొచ్చు కదా.’ రెండో వారం: ‘మీరు అంటుంటే మా లెక్చరర్‌తో మాట్లాడినట్టుంది, నువ్వు అనొచ్చా?’ నెల తిరిగాక: ‘తిన్నావా? ఇవాళ కూడా ఆ నీళ్ల సాంబారేనా?’ ఇంటి దగ్గర అమ్మ తప్ప ఎవరూ అడగని ఆ ‘తిన్నావా’ దగ్గరే హారిక ఓడిపోతుంది. ప్రేమ మాట ఇంకా ఒక్కటీ రాలేదు. తర్వాత, హాస్టల్ గదిలో హారికతో ఉండే శ్రావ్య గురించి: ‘మన సంగతి శ్రావ్యకు చెప్పావా? చెప్పకు బంగారం, దిష్టి తగులుతుంది.’ ఇది ముద్దుగా వినిపించే మాటే గాని, కథ మొత్తంలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం. ఆ క్షణం నుంచి ఆమె ఒంటరి. ఆ తర్వాత: ‘నా మీద నమ్మకం లేదా?’ చివరికి ఒక రాత్రి పిలుపు లేదు, బంగారం లేదు: ‘చెప్పింది చెయ్.’ ఈ ఆరు మెట్లనూ ఆరు అధ్యాయాల్లో పరిచి, ఎక్కడా వ్యాఖ్యానం చేయకుండా వదిలేయండి. చదివే పిల్లలకు తమ ఫోన్‌లోని సంభాషణ ఏ మెట్టు మీద ఉందో వాళ్లకే తెలుస్తుంది.

వయసు దాచిన మనిషిని మాటే పట్టిస్తుంది కాబట్టి, చివర్లో గుట్టు విప్పడానికి బదులు మధ్యలో చిన్న చిన్న జాడలు వదలండి. పంతొమ్మిదేళ్ల బీటెక్ కుర్రాడినని చెప్పుకునేవాడు ఒకసారి ‘ఈ పాట క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాను’ అంటాడు. కరీంనగర్ వాణ్ణని చెప్పినవాడు కోపంలో ‘ఏంటండీ బాబూ’ అని మరో ప్రాంతపు యాసలోకి జారతాడు. హారిక ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, తర్వాత తనకు తానే సర్దిచెప్పుకుంటుంది. పాఠకులు మాత్రం ఆగిపోతారు.

ఇక్కడ మీ కథలో ఒక చిక్కు ఉంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఫోన్లు ఉండనివ్వరు. మరి నాలుగు నెలల పాటు రోజూ ఎలా మాట్లాడింది? గదిలో శ్రావ్య దగ్గర, పెట్టెలో చుడీదార్ల కింద, దాచిన చిన్న ఫోన్ ఒకటి ఉందని పెట్టి చూడండి. అప్పుడు ఆర్యన్ గురించి వార్డెన్‌కు చెప్పాలంటే శ్రావ్య ఫోన్ సంగతి బయటపెట్టాలి. శ్రావ్యను కాలేజీ నుంచి పంపించేస్తారు. ఒక రహస్యం మీద మరో రహస్యం కూర్చుంటుంది. పిల్లలు చెప్పకపోవడానికి నిజంగా ఉండే కారణాలు ఇలా చిన్నవిగా, న్యాయంగా, ఒకరిని కాపాడేవిగా ఉంటాయి. ‘భయపడి చెప్పలేదు’ అని ఒక్క వాక్యంలో రాస్తే ఆ బరువు రాదు.

ప్రమాదం ప్రతిసారీ అపరిచితుడి రూపంలోనే రాదన్నది కూడా మీ నవలలో ఎక్కడో ఉండాలి. నేను విన్నవాటిలో చాలా సంగతుల్లో ఆ పని చేసింది అదే బడిలో చదివే అబ్బాయో, దూరపు చుట్టమో, విడిపోయిన స్నేహితుడో. మామూలు ఫోటోను మార్ఫింగ్ చేసి బెదిరించడానికి ఇప్పుడు పెద్ద నేర్పు కూడా అక్కరలేదు, అంటే ఏ ఫోటో పంపని పిల్ల కూడా ఇందులో చిక్కుకోవచ్చు. అబ్బాయిలను మరిచిపోవద్దు. అందమైన అమ్మాయి ఫోటోతో రిక్వెస్ట్ పంపి, వీడియో కాల్‌లోకి దింపి, రికార్డు చేసి, డబ్బు కోసం బెదిరించే ముఠాల గురించి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2022లో ప్రత్యేకంగా హెచ్చరించింది. ఆ వలలో ఎక్కువగా పడుతున్నది 14 నుంచి 17 ఏళ్ల అబ్బాయిలేనని చెప్పింది. హారిక తమ్ముడికో, శ్రావ్య అన్నకో ఇలాంటిది జరిగి, అమ్మ ఫోన్‌పే నుంచి రెండువేలు పోయి, వాడు క్రికెట్ కిట్ కొన్నానని అబద్ధమాడితే, ఇది ‘ఆడపిల్లల జాగ్రత్త’ నవల అనే ముద్ర నుంచి మీ పుస్తకం బయటపడుతుంది. ఆ ముద్ర పడితే అబ్బాయిలు దాన్ని ముట్టుకోరు, నాన్నలు దాన్ని కూతుళ్లకు మాత్రమే ఇస్తారు.

రెండో ప్రశ్న, ఎంతవరకు చూపాలి. ఫోటోలో ఏముందో వర్ణించవద్దు, ఒక్క వాక్యం కూడా. పాఠకుల్లో పదమూడేళ్లవారు ఉంటారు. పైగా పద్దెనిమిదేళ్లు నిండని పాత్ర శరీరాన్ని ఆ సందర్భంలో వర్ణించడం, వాడు చూసిన చూపునే పాఠకుల చేత చూపించడం అవుతుంది. పంపే ముందు ఆమె తలుపు గడియ రెండుసార్లు చూసుకోవడం, పంపాక ఫోన్ బోర్లా పెట్టి గోడవైపు తిరిగి పడుకోవడం, అవతల ‘చూశారు’ అని కనిపించాక వచ్చిన ఆలస్యం, ఇవి చాలు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఆమెకు వచ్చినట్టు రాయడంలో తప్పు లేదు, అది నిజానికి దగ్గరగానే ఉంటుంది. కానీ పద్ధతి, చోటు, చివరి ఉత్తరం లాంటి వివరాలు వద్దు; ఆ ఆలోచన వచ్చిన పేజీలోనే ఎవరో ఒకరు ఆమె పక్కకు రావాలి. మానసిక సహాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 పుస్తకం చివర వేసి వదిలేయకుండా, హాస్టల్ నోటీసు బోర్డు మీదనో, శ్రావ్య నోటనో కథలోనే వచ్చేలా చూడండి. అది రోజంతా పలికే ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

చెప్పే దృశ్యం మీ నవలకు గుండెకాయ. ఇప్పుడున్న చిత్తుప్రతిలో అది అసలు లేదు. హారిక ఎవరికి చెబుతుంది? నేనైతే ఆ తర్వాతి సెలవుల్లో, వంటింట్లో, అమ్మకు చెప్పిస్తాను. కానీ అమ్మ చేత మంచి ఉపన్యాసం చెప్పించను. చారుకు పోపు పెడుతున్న అమ్మకు వెనక నుంచి రెండు వాక్యాలు వినిపిస్తాయి. ఆవాలు చిటపటలాడుతుంటాయి. అమ్మ స్టవ్ ఆపేస్తుంది. ఆ ఇంట్లో వంట మధ్యలో స్టవ్ ఆగడం హారిక ఎన్నడూ చూడలేదు. అమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకొని, ఫోటో గురించి కాదు, ‘ఎన్నాళ్ల నుంచి తిండి సరిగ్గా తినట్లేదు నువ్వు?’ అని అడుగుతుంది. అక్కడితో ఆ దృశ్యం ఆపేయండి.

నాన్న సంగతి వేరు. ఆయనను దేవుణ్ణి చేయవద్దు, రాక్షసుణ్ణీ చేయవద్దు. హారిక అమ్మకు చెప్పిందని తెలిసి వాడు అన్నంత పనీ చేశాడనుకుందాం. మిర్చి యార్డులో బస్తాలు దింపి, వేలంలో జెండా పాట ఎంత పలుకుతుందో అని ఎదురుచూస్తున్న నాన్న వాట్సాప్‌కు తెలియని నంబరు నుంచి ఫోటో వస్తుంది. ఆయన ముందు అరుస్తాడు, ఫోన్ నేలకేసి కొడతాడు, రెండు రోజులు కూతురితో మాట్లాడడు. మూడో రోజు తెల్లవారుజామున బండి తీసి, ‘ఎక్కు, స్టేషన్‌కు పోదాం’ అంటాడు. వాడు ఇన్నాళ్లుగా చూపించిన భూతం ఇదే కదా; అది వచ్చింది, వెళ్లింది, హారిక ఇంకా ఉంది. ‘మీ నాన్నకు పంపిస్తాను’ అనే మాట బలం ఆ బండి కదిలిన చోట పూర్తిగా పోతుంది. అయితే నాన్న పగలగొట్టిన ఆ ఫోన్‌లోనే సాక్ష్యం ఉందన్న చిక్కు కూడా మీకు అక్కడే దొరుకుతుంది.

ఇది నన్ను మూడో ప్రశ్నకు తీసుకువస్తుంది. మీరు ఎస్సై చేత ఐపీసీ సెక్షన్లు చెప్పించారు. ఆ పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. వెంటాడటం కింద పాత 354డి స్థానంలో ఇప్పుడు 78, బెదిరించి వసూలు చేయడానికి 308 ఉన్నాయి. ఒకచోట ఐటీ చట్టం 66ఏ కూడా రాశారు, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. మీ కథకు నిజంగా పనికొచ్చేది అదే ఐటీ చట్టంలోని 67బి. పిల్లలను లైంగిక ఉద్దేశంతో ఆన్‌లైన్ సంబంధంలోకి ఆకర్షించడం, ప్రేరేపించడం కూడా అందులో నేరమే. అంటే ఫోటో చేతికి అందకముందు ఆర్యన్ చేసిన పనిని కూడా చట్టం చూస్తుంది. ఇక పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారందరూ పిల్లలే. ‘తనంతట తానే పంపింది కదా’ అనే వాదనకు అక్కడ విలువ లేదు. నిజమైన ఫోటో అయినా, కల్పించినదైనా, దాన్ని బయటపెడతానని పిల్లలను లైంగిక ఉద్దేశంతో బెదిరించడం ఆ చట్టం 11వ సెక్షన్ కిందికి వస్తుంది.

మీ స్టేషన్ దృశ్యంలో హారికను బల్ల మీద కూర్చోబెట్టి, చుట్టూ నలుగురు కానిస్టేబుళ్లు చూస్తుండగా సీఐ గద్దిస్తాడు. అలా జరగదని నేను అనను. కానీ చట్టం ఏం చెబుతుందో కథలో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. పోక్సో ప్రకారం పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరుకున్న చోటనో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఆ సమయంలో అధికారి యూనిఫాంలో ఉండకూడదు. తల్లిదండ్రులో, పిల్ల నమ్మే మరొకరో పక్కన ఉండాలి. పిల్ల పేరు, ఫోటో, బడి పేరు పత్రికల్లో రాకూడదు. చుడీదార్‌లో వచ్చి, మంచినీళ్లు అడిగి తాగి, చాప మీద కూర్చున్న ఎస్సై మేడమ్‌ను రాస్తే అది ఊహాలోకం కాదు, చట్టం అడిగే కనీస మర్యాద. హారిక ఊరు తెలంగాణలో, కాలేజీ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి కాబట్టి ‘ఇది మా పరిధి కాదు’ అనే మాట తప్పకుండా వస్తుంది. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని, కేసుల విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. కాలేజీ ప్రిన్సిపాల్ ‘పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం’ అంటాడని రాశారు. బాగుంది, కానీ తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో కింద శిక్ష పడే నేరమని ఆయనకు ఎవరో గుర్తుచేయాలి. ఆ పని శ్రావ్య చేస్తే ఇంకా బాగుంటుంది.

స్టేషన్‌కు వెళ్లకముందు కూడా దారులు ఉన్నాయి. సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 ఉన్నాయి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఇలాంటి ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. పద్దెనిమిదేళ్ల లోపువారి ఫోటోలు వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే సేవ ఉంది. అది ఫోటోను ఎవరికీ పంపమనదు; మన ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక సంకేతాన్ని తయారుచేసి, ఆ సంకేతాన్ని మాత్రమే తనతో చేరిన వేదికలకు ఇస్తుంది. శ్రావ్య, హారిక దుప్పటి కింద ఆ పేజీ తెరిచి, ఎక్కడ మళ్లీ ఫోటో అడుగుతుందోనని వణుకుతూ ఒక్కో గడి నింపే దృశ్యాన్ని ఊహించండి; వేరే ఉత్కంఠ అక్కరలేదు.

భయంతో పిల్లలు మొదట చేసేది సంభాషణ మొత్తం చెరిపేయడం. వాట్సాప్ సందేశాలు 2016 నుంచి పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప కంపెనీకి కూడా చదవడానికి వీలు లేకుండా ఉన్నాయి, కాబట్టి సాక్ష్యం ఉండేది ఆ ఫోన్లలోనే. స్క్రీన్‌షాట్లు, ప్రొఫైల్ లింకు, తేదీలు దాచి, ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. దీన్ని సలహాగా రాయకుండా, హారిక సగం చెరిపేశాక శ్రావ్య చెయ్యి పట్టుకొని ఆపినట్టు రాయండి.

కాలానికి సంబంధించిన చిన్న విషయాలు రెండు. మీ కథ 2025లో జరుగుతుందన్నారు, కానీ హారిక టిక్‌టాక్ చూస్తోంది; అది మన దేశంలో 2020 జూన్ చివర్లోనే నిషేధమైంది. అలాగే ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో టీనేజ్ ఖాతాలు తెచ్చింది. వాటికి అపరిచితులు నేరుగా సందేశం పంపలేరు. కాబట్టి హారిక ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం మార్చి పెట్టిందనో, ఆర్యన్ పాటల రీల్స్‌కు ఆమే ముందు ఫాలో కొట్టిందనో రాయాలి. రెండోది నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే వాడు తర్వాత ‘ముందు వచ్చింది నువ్వే కదా’ అంటాడు, ఆ మాట ఆమె చాలాకాలం మోస్తుంది.

చివరిగా, చాటింగ్‌ను పేజీ మీద ఎలా వేయాలన్న సంగతి. పిల్లలు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, నిజమే. పుస్తకంలో అలా వేస్తే పేజీ చదవడానికి కష్టమవుతుంది, పదేళ్లలో పాతబడుతుంది. తెలుగు లిపిలోనే, విరామ చిహ్నాలు తగ్గించి, చిన్న వాక్యాల్లో వేయండి. సమయాలు మాత్రం వేయండి. రాత్రి 11:40, 12:55, 2:10 అని పక్కన కనిపిస్తుంటే ఆ పిల్ల నిద్ర ఎలా కరిగిపోతోందో ఎవరూ చెప్పనక్కరలేదు.

తిరగరాశాక ప్రచురణకర్తకు పంపేముందు, పదిహేను పదహారేళ్ల పిల్లలు ఐదారుగురికి, అబ్బాయిలు కూడా ఉండేలా చూసి, వాళ్ల ఇంట్లోవాళ్ల అనుమతితో చిత్తుప్రతి ఇవ్వండి. బాగుందా అని అడగవద్దు, బాగుందనే అంటారు. ‘హారిక స్థానంలో నువ్వుంటే ఏ పేజీ దగ్గర, ఎవరికి చెప్పేదానివి?’ అని అడిగి, వాళ్లు చెప్పిన పేజీ నంబర్లను అంచున రాసుకోండి. అందరూ బెదిరింపు తర్వాతి పేజీలే చెబితే, లేదా ఎవరికీ చెప్పనంటే, మొదటి అధ్యాయాల్లో హారిక చుట్టూ చెప్పుకోదగ్గ మనిషి ఒక్కరూ లేరన్నమాట. అప్పుడు వెనక్కి వెళ్లి, రెండో అధ్యాయంలో, ఇంకా ఏ ప్రమాదమూ లేని రోజున, ఆ మనిషి హారికతో కలిసి పల్లీలు ఒలుస్తూ ఊరికే మాట్లాడే ఒక పేజీ రాయండి. అది పూర్తయ్యాక నాకు పంపండి, తప్పకుండా చదువుతాను.